మూడో నంబరు సీసాలు

మా బడి లాబరేటరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను చేస్తున్నది ఒక్కటే పని, గాజు కడగడం. పిల్లలు సైన్సు పేరు చెప్పి రంగురంగుల నీళ్ళు కాచి, మాడ్చి, అడుగంటించి, గంట కొట్టగానే పారిపోతారు. ఆ తర్వాత మిగిలేది నేనూ, నా బ్రష్షూ, నా తొట్టీ. కడిగిన గాజును బొటనవేలితో రుద్దితే కీచుమనాలి. కీచుమనలేదంటే అసలు కడిగినట్టే కాదని నా సిద్ధాంతం. ఎవరూ అడక్కపోయినా ఈ సిద్ధాంతాన్ని బడిలో అందరికీ చెబుతూనే ఉన్నాను. పిల్లలు నాకు ‘సీసాల తాతయ్య’ అని పేరు పెట్టారు. అది బిరుదని నేను అనుకుంటాను. వెక్కిరింతని మా ఆవిడ అంటుంది.

ఈ శుభ్రం పిచ్చి నాకు మా ఊరి బడిలో పట్టింది. అక్కడ ఏడో తరగతి దాకా చదివాను. మా మాస్టారు ప్రార్థనకు ముందు అందరి చేతులూ తిప్పించి చూసేవారు. “ఈ చేతులతోనే దేవుడికి దండం పెడతావట్రా?” అని అడిగేవారు. లెక్కలు గానీ వ్యాకరణం గానీ నా బుర్రకెక్కలేదు. ఆ ఒక్క మాట మాత్రం ఎక్కి, అక్కడే కాపురం పెట్టేసింది. ఇప్పటికీ పొద్దున్నే దేవుడి ముందు కూర్చునే ముందు చేతులు ఒకసారి తిప్పి చూసుకుంటాను.

ఇంట్లో గిన్నెలు కూడా నేనే కడుగుతాను. మా ఆవిడకు నడుంనొప్పి కాబట్టి నేను పెద్ద మనసుతో చేస్తున్న సాయం అది. ఆవిడకో వింత అలవాటుంది. నేను తళతళలాడేలా కడిగి బోర్లించిన గ్లాసును తీసి, మళ్ళీ కుళాయి కింద రెండుసార్లు తిప్పి, అప్పుడు నీళ్ళు పట్టుకుంటుంది. చాదస్తంలే పాపం అని సరిపెట్టుకునేవాణ్ణి.

ఇలా ఉండగా ఈ వేసవి సెలవుల్లో మా కొత్త సైన్సు టీచరమ్మ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. తొమ్మిది, పది తరగతుల పిల్లలు పద్నాలుగు మంది, ఇరవై రోజులు. పుస్తకం ముట్టుకోకూడదు. పొద్దున ఏడింటికల్లా బడి వెనక కాలువలో దిగి పురుగుల్ని లెక్కపెట్టాలి, నాచు కొలవాలి, నీళ్ళు సీసాల్లో పట్టి తెచ్చి పరీక్ష చెయ్యాలి. తమ వీధి పక్కన పారే నీళ్ళ సంగతి తామే కనుక్కోవాలని ఆవిడ ఆశ.

“బాబాయ్, సీసాల బాధ్యత మీదే” అంది నాతో. “ఒక్కటి గుర్తు పెట్టుకోండి. సబ్బు తగలకూడదు. ఉత్త నీళ్ళతో కడిగి, చివర డిస్టిల్డ్ నీళ్ళు పోసి మూడుసార్లు తొలవండి. అంతే.”

“అలాగేనమ్మా” అన్నాను.

మెడలో వేసుకోమని ఒక కార్డు కూడా ఇచ్చింది. దాని మీద ‘ఫీల్డ్ అసిస్టెంట్’ అని రాసుంది. ఆ పూట ఇంటికి వెళ్ళడానికి దగ్గరి దారి ఉన్నా, నేను బజారు చుట్టూ తిరిగి వెళ్ళాను. కార్డు గాలికి తిరగబడుతుంటే నలుగురికీ కనపడేలా సరిచేసుకుంటూ నడిచాను. ఒక్కరైనా అడగలేదు. గుమ్మంలోనే మా ఆవిడ అడిగింది.

“మెడలో అదేంటండీ, తప్పిపోకుండా కట్టారా?”

ఆవిడకు చదువు విలువ తెలియదని దేవుడికి చెప్పుకుని లోపలికి వెళ్ళాను.

కాలువ దగ్గర పిల్లలు మూడు చోట్ల నీళ్ళు పట్టేవారు. ఒకటో నంబరు పైన పార్కు దగ్గర. రెండో నంబరు మధ్యలో మెట్ల దగ్గర. మూడో నంబరు కింద వంతెన దగ్గర. ఏ చోటి సీసాల మీద ఆ నంబరు రాసి, రోజూ ఆ చోటికే వాడేవారు. రెండుకూ మూడుకూ మధ్య గట్టు మీద రేకుల షెడ్డులో ఒక లాండ్రీ ఉంది. దాన్ని నడిపే ఆవిడ నన్ను అన్నయ్యా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. ఆసుపత్రి దుప్పట్లు, హోటలు తువ్వాళ్ళు ఆవిడా ఆవిడ ఆడపడుచూ ఉతుకుతారు. మొదటి రోజే ఆవిడ నా మోకాళ్ళ అవస్థ చూసి ఇస్త్రీ బల్ల దగ్గరున్న స్టూలు తెచ్చి గట్టు మీద వేసింది. ఆ తర్వాత ఇరవై రోజులూ ఆవిడ నిలబడే ఇస్త్రీ చేసిందన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. పిల్లలకు ఎండ తగులుతోందని షెడ్డులో ఒక మూల ఖాళీ చేసి, తాగడానికి చల్లటి నీళ్ళ కుండ పెట్టింది.

ఇక సీసాల విషయం. ఒకటీ రెండూ నంబరు సీసాలు తేటగానే తిరిగొచ్చేవి. మూడో నంబరువి మాత్రం జిగటజిగటగా, అడుగున పచ్చటి నాచుతో వచ్చేవి. వంతెన దగ్గర నీళ్ళు నెమ్మది, నాచు దట్టం. వాటిని ఉత్త నీళ్ళతో కడిగి బొటనవేలితో రుద్దాను. కీచుమనలేదు. జారింది.

నాకు కోపం వచ్చింది. నిన్నగాక మొన్న వచ్చిన టీచరమ్మకు పాఠాలు తెలిసుండవచ్చు, గాజు గురించి నాకు చెబుతుందా? మర్నాడు ఇంట్లో గిన్నెలకూ నేను వాడే బట్టల సబ్బు పొడి, నిమ్మ వాసనది, చిన్న పొట్లం కట్టి జేబులో వేసుకొచ్చాను. ఎవరూ చూడకుండా మూడో నంబరు సీసాలకు మాత్రం ఆ పొడి వేసి మోచేతుల దాకా నురగ వచ్చేలా తోమాను. కీచుమన్నాయి! ప్రాణం లేచొచ్చింది.

చివర మూడుసార్లు డిస్టిల్డ్ నీళ్ళతో తొలవమంది కదా. ఆ నీళ్ళ డబ్బాలు టీచరమ్మ తన స్కూటరు మీద రెండు కాళ్ళ మధ్య ఇరికించుకుని మోసుకొచ్చేది. ఆడపిల్ల అంత బరువు మోయడం చూడలేక, జాలిపడి, మూడుసార్లకు బదులు ఒక్కసారి తొలిచేవాణ్ణి. అదీ గుక్కెడు నీళ్ళతో. సీసాలో కాస్త నిమ్మ వాసన మిగిలేది. అది మంచిదే అనుకున్నాను.

నీళ్ళలో ఫాస్ఫేటు అనే పదార్థం ఉందో లేదో చూడటం పిల్లల ముఖ్యమైన పరీక్ష. అది ఎక్కువైతే నాచు పెరిగిపోయి చేపలకు ఊపిరాడదట. రెండు రకాల మందు చుక్కలు వేసి పది నిమిషాలు ఆగితే, ఆ పదార్థం ఎంత ఉంటే నీళ్ళు అంత నీలంగా మారతాయి. ఒకటో నంబరు నీళ్ళది ఉందా లేదా అన్నంత లేత నీలం. రెండోది అంతే. మూడోది మాత్రం సిరా!

మొదటిసారి ఆ రంగు చూసి పిల్లలు కేకలు పెట్టారు. నేనూ పెట్టాను.

“రెండుకీ మూడుకీ మధ్యలో ఏముంది?” అడిగాడు ఆ గుంపుకు పెద్దగా ఉండే అబ్బాయి. వాణ్ణి అందరూ కెప్టెన్ అంటారు.

“లాండ్రీ! సబ్బు పొడిలో ఉండేది ఫాస్ఫేటే కదా!” అన్నారందరూ.

కెప్టెన్ నోటు పుస్తకం పట్టుకుని లాండ్రీకి వెళ్ళాడు. నేను వెనకాలే నడిచాను, మెడలో కార్డు వేసుకుని.

“ఆంటీ, మీ సబ్బునీళ్ళు ఎక్కడికి పోతాయి?”

“షెడ్డు వెనక ఇంకుడు గుంతలోకి పోతాయి బాబూ. కంకర, ఇసుక పోసి మా ఆయన కట్టించాడు. చుక్క కూడా కాలువలో వదలం.”

“మరి మూడో నంబరులో ఎలా వస్తోంది?”

“నాకేం తెలుసు నాన్నా? చదువుకున్నవాళ్ళు మీరు.”

“అంకెలు అబద్ధం చెప్పవు ఆంటీ.”

చెల్లెమ్మ నా వైపు చూసింది. నేను పెద్దమనిషిలా గొంతు సవరించుకుని, “సైన్సు కదమ్మా మరి” అన్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే ఎవరూ లేని చోట కూడా తల దించుకుంటాను.

వారం, పది రోజులు గడిచాయి. ఏ రోజు చూసినా మూడోది నీలమే. ఆఖరి రోజున మునిసిపాలిటీ ఆఫీసరు గారిని పిలిచి అన్నీ చూపించాలని టీచరమ్మ ముందే అనుకుంది. కెప్టెన్ పెద్ద చార్టు తయారు చేశాడు. అడుగున ఎర్ర అక్షరాలతో ‘కారణం: లాండ్రీ. వెంటనే మూయించాలని మనవి’ అని రాశాడు. టీచరమ్మ అది రెండుసార్లు చదివింది.

“ఒకళ్ళ మీద వేలు చూపించే ముందు మన చేతులు చూసుకోవాలి” అంది. “కాలువ నీళ్ళు లేకుండా, ఉత్త డిస్టిల్డ్ నీళ్ళు మన సీసాలో పోసి అదే పరీక్ష చెయ్యండి. రంగు రాకూడదు. వస్తే తప్పు మన దగ్గరే ఉన్నట్టు. ఇది మొదటి రోజే చేయించాల్సింది. నేనే మర్చిపోయాను.”

ఆ పని ఒక పిల్లకు అప్పజెప్పింది. సన్నగా, పెద్ద కళ్ళద్దాలతో ఉంటుంది. ఆకాశం కింద ఉన్నదాన్నంతా ‘ఎందుకు’ అని అడుగుతుంది కాబట్టి నేను ప్రశ్నల పిల్ల అంటాను. ఆఖరి రోజుకు ముందటి మధ్యాహ్నం అందరూ చార్టులు అంటిస్తుంటే, ఆ పిల్ల ఒక్కతే లాబరేటరీలోకి వచ్చింది. చేతిలో మూడో నంబరు సీసా ఉంది. కళ్ళద్దాల వెనక కళ్ళు నిండి ఉన్నాయి.

“తాతయ్యా, ఇందులో డిస్టిల్డ్ నీళ్ళే పోశాను. ఒట్టు. అయినా నీలం వచ్చేసింది. మళ్ళీ చేశాను, మళ్ళీ వచ్చింది. నేనే ఏదో పాడు చేసినట్టున్నాను. కెప్టెన్ ముందే అన్నాడు, నాకిస్తే చెడగొడతానని.”

నేను సీసా తీసుకున్నాను. మూతి దగ్గర ముక్కు పెట్టాను. నిమ్మ వాసన.

సబ్బు పొడి. మూడో నంబరు సీసాలు మాత్రమే. ఇన్నాళ్ళూ మేము వంతెన కింద నుంచి తెచ్చి ముక్కు మీద వేలేసుకుని చూసిన ఆ నీలం, నా జేబులోని పొట్లంలోది.

“తాతయ్యా, టీచర్‌కి చెప్పాలా?” అడిగింది పిల్ల.

ఇక్కడ నేనేదో గొప్పగా చేశానని రాయాలనుంది. చెయ్యలేదు. “ఎందుకమ్మా, చేతులకు ఏదైనా అంటుకుందేమో. పారబోసేయ్” అన్నాను. ఆ పిల్ల పారబోసి, చెంపలు తుడుచుకుని, తప్పంతా తనదేనన్నట్టు తలవంచుకుని వెళ్ళిపోయింది. నేను ఆ సీసాను సబ్బు లేకుండా ఎనిమిదిసార్లు తొలిచాను. ఇప్పుడు తొలిచి ఏం లాభం?

ఇంటికి వెళ్ళి తలనొప్పి అని చెప్పి పడుకున్నాను. పొద్దున దేవుడి ముందు కూర్చుని అలవాటుగా చేతులు తిప్పి చూసుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ నీళ్ళకు నానిన తెల్లటి చేతులు. ఇంతకన్నా శుభ్రమైన చేతులు మా వీధిలో ఎవరికీ ఉండవు. వాటినుంచి నిమ్మ వాసన వస్తోంది. దండం పెట్టడానికి అవి కలవలేదు. “స్వామీ, నువ్వే ఏదో ఒక దారి చూపించు, కానీ నా పేరు బయటికి రాకుండా చూపించు” అని ఒక బేరం పెట్టి చూశాను.

ఆ రోజు వేసుకోవాల్సిన తెల్ల చొక్కాను నేనే ముందు రోజు ఇస్త్రీకి ఇచ్చివచ్చాను. తెచ్చుకోవడానికి లాండ్రీకి వెళ్ళాను. చెల్లెమ్మ మడత పెట్టి సిద్ధంగా ఉంచింది.

“పై గుండీ ఊడిపోయి ఉంది అన్నయ్యా. మా డబ్బాలో అలాంటిదే దొరికింది, కుట్టాను. ఆఫీసరు గారొస్తున్నారు కదా, నలుగురిలో బాగుండాలి.”

గుండీ వైపు చూశాను. తెల్ల దారంతో, వెనక ముడి కూడా కనపడకుండా కుట్టింది. తన షెడ్డు మూయించడానికి వచ్చే ఆఫీసరు ముందు నేను బాగుండాలట. చొక్కా చంకలో పెట్టుకుని, మోకాళ్ళ నొప్పి ఉన్నవాడిలా కాకుండా బడి వైపు గబగబా నడిచాను.

అప్పటికి ఎనిమిదిన్నర. పిల్లలందరూ హాల్లో ఉన్నారు. ఎర్ర అక్షరాల చార్టు మధ్యలో వేలాడుతోంది.

“ఆ నీలం లాండ్రీది కాదు, నాది” అన్నాను.

“అంటే ఏంటి తాతయ్యా?” కెప్టెన్ అడిగాడు.

“మూడో నంబరు సీసాలు నేను సబ్బు పొడితో కడిగాను. రోజూ.”

టీచరమ్మ దగ్గరికొచ్చింది.

“మొదటి రోజే చెప్పాను కదా బాబాయ్, సబ్బు వద్దని?”

“చెప్పారమ్మా.”

“వినపడలేదా?”

“బాగా వినపడిందమ్మా. నాకే ఎక్కువ తెలుసనుకున్నాను.” మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టాను. “నిన్న ఈ పాప ఉత్త నీళ్ళతో పరీక్ష చేస్తే నీలం వచ్చింది. పారబోయమని నేనే చెప్పాను. తప్పు పాపది కాదు.”

ప్రశ్నల పిల్ల కళ్ళద్దాలు పైకి తోసుకుంది. “అయితే నేను సరిగ్గానే చేశానా?”

“ఇరవై రోజుల్లో మనం సరిగ్గా చేసిన పరీక్ష అదొక్కటేనమ్మా” అంది టీచరమ్మ. ఆ పిల్ల ముఖం చూసి ఉంటే, ముందు రోజే చెప్పనందుకు నన్ను మీరు కూడా తిట్టేవాళ్ళు.

“పదకొండుకి ఆఫీసరు గారొస్తారు టీచర్. ఇప్పుడెలా?” కెప్టెన్ చార్టు వైపు చూస్తూ అన్నాడు. పాపం, ఆ ఎర్ర అక్షరాలు దిద్దడానికి వాడికి రెండు రోజులు పట్టింది.

టీచరమ్మ గడియారం చూసింది. “పరిగెత్తితే సరిపోతుంది. కొత్త సీసాల పెట్టె తియ్యండి.”

నేను అలవాటుగా ముందుకు కదిలాను.

“తాతయ్యా, మీరు మాత్రం ముట్టుకోవద్దు!” పద్నాలుగు గొంతులు ఒక్కసారే అరిచాయి.

ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. పిల్లలే సీసాలు తొలిచారు, కాలువకు పరిగెత్తారు, నీళ్ళు తెచ్చారు, చుక్కలు వేశారు. పది నిమిషాలు. మా బడిలో అంత పొడవైన పది నిమిషాలు నేనెప్పుడూ చూడలేదు. లోపల దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాను. ఈసారి బేరం లేదు. ఆ షెడ్డు నిలబడితే చాలన్నాను.

ఒకటి లేత నీలం. రెండు లేత నీలం. మూడు లేత నీలం. మూడూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి.

కెప్టెన్ వెళ్ళి ఎర్ర అక్షరాల మీద తెల్ల కాగితం అంటించాడు. వంతెన దగ్గర నాచు ఎందుకు పెరుగుతోందో ‘ఇంకా తెలియదు’ అని దాని మీద రాశాడు. అక్కడ చెత్త అడ్డుపడి నీళ్ళు నిలిచిపోతున్నాయేమో చూడాలని ప్రశ్నల పిల్ల కింద ఇంకో వరుస చేర్చింది.

ఆఫీసరు గారు వచ్చి, టీ తాగి, చార్టులు చూసి, “అయితే ఏం కనిపెట్టారు?” అని అడిగారు.

“కాలువలోకి లాండ్రీ నుంచి సబ్బు వస్తోందనుకున్నాం సార్” అన్నాడు కెప్టెన్. “మా తాతయ్య దగ్గర్నుంచి వస్తోంది.”

హాలంతా నవ్వింది. ఆఫీసరు గారు కూడా. కొత్త గుండీ చొక్కాలో నేను వీలైనంత చిన్నగా నిలబడి, నేనూ నవ్వాను. నవ్వడం అయ్యాక ఆయన వంతెన కింద చెత్త తీయిస్తానని మాటిచ్చారు. నేను వెళ్ళేటప్పుడు టీచరమ్మ బల్ల మీది కార్డు తీసి మళ్ళీ నా మెడలో వేసింది. “తప్పు ఎక్కడుందో చెప్పే అసిస్టెంట్లు అంత తేలిగ్గా దొరకరు బాబాయ్. కానీ సబ్బు పొట్లం ఇటివ్వండి” అంది. ఇచ్చాను.

అక్కణ్ణుంచి సరాసరి లాండ్రీకి వెళ్ళాను. జరిగిందంతా పొల్లుపోకుండా చెప్పాను. చెల్లెమ్మ వింటూ వింటూ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, నేను ఇరవై రోజులు కూర్చున్న స్టూలు మీద కూలబడింది.

“మూడు రోజులుగా నాకు అన్నం సయించలేదు అన్నయ్యా. మూయిస్తారని పిల్లలు మాట్లాడుకుంటుంటే విన్నాను.”

“అది తెలిసే నా చొక్కాకు గుండీ కుట్టావా?”

“గుండీ ఏం పాపం చేసింది?” అంది ముక్కు తుడుచుకుంటూ. తర్వాత పకపకా నవ్వింది. “అయినా ముప్ఫై ఏళ్ళ నుంచీ కడుగుతున్నారు, సబ్బు వదిలించడం రాదా మీకు? సబ్బు పెట్టడం ఎవరైనా పెడతారు. ఇటు రండి.”

నన్ను తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి ఒక దుప్పటిని జాడించి చూపించింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నాలుగోసారి పిండిన నీళ్ళు దోసిట్లో పట్టి నా ముక్కు దగ్గర పెట్టింది. “వాసన ఉందా?” “కొంచెం.” “అయితే అవలేదు.” ఆరోసారికి నీళ్ళకు నీళ్ళ వాసన తప్ప ఇంకేమీ లేదు. గాజును వినడమే తప్ప వాసన చూడాలని ఇన్నేళ్ళలో నాకు తట్టనే లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి మా ఆవిడకు చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గూట్లో బోర్లించిన గ్లాసు తీసి నా చేతికిచ్చింది.

“వాసన చూడండి.”

చూశాను. నిమ్మ.

“మరి నాకెప్పుడూ చెప్పలేదేం?”

“నడుంనొప్పి ఉన్న పెళ్ళానికి సాయం చేస్తున్నానని అంత సంబరంగా కడుగుతుంటే ఏమని చెప్పమంటారు? రెండుసార్లు కుళాయి కింద తిప్పితే పోయేదానికి.”

నేను గ్లాసు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాను. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు తొలిచాను. ఆరోసారి వాసన చూసి, నీళ్ళు పట్టి తెచ్చి ఆవిడకిచ్చాను. ఆవిడ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని, నా వైపు ఒకసారి చూసి, కుళాయి దగ్గరికి వెళ్ళకుండానే గటగటా తాగేసింది.